లేదని ఎలా తెలుస్తుంది?

రూబీ భాషలో రాసి పంచుకునే లైబ్రరీని జెమ్ అంటారు. ప్రతి జెమ్‌కూ జెమ్‌స్పెక్ అనే చిన్న ఫైలు ఉంటుంది. నాకు ఫలానా లైబ్రరీలు కావాలి, అవి ఈ వెర్షన్ నుంచి ఈ వెర్షన్ లోపల ఉండాలి అని రచయిత అందులో రాస్తాడు. ఫెడోరా లినక్స్ కోసం ఆ జెమ్‌లను ఆర్పీఎం ప్యాకేజీలుగా కట్టేవాళ్లలో నేనొకదాన్ని. ఏ లైబ్రరీ అయినా వీలైనంతవరకు ఒకే వెర్షన్‌లో ఉండాలన్నది మా పద్ధతి. అందువల్ల అప్పుడప్పుడు రచయిత రాసిన మాటనే మార్చాల్సి వస్తుంది. రూబీ వెబ్ ప్రోగ్రాములను సర్వర్‌తో కలిపే జెమ్ ర్యాక్. 2022లో దాని మూడో వెర్షన్, ర్యాక్ 3, వచ్చేసరికి, దాని మీద ఆధారపడే జెమ్‌లు కొన్నిటిలో ‘ర్యాక్ 3 కన్నా తక్కువ’ అనే హద్దు ఉంది. ఆర్పీఎం ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే స్పెక్ ఫైల్లో ‘జెమ్‌స్పెక్ రిమూవ్ డెప్’ అనే మాక్రోతో ఒక్క వరుస రాస్తే ఆ హద్దు పోతుంది.

ఆ వరుస రాసినప్పుడు, ర్యాక్ 3తో ఈ జెమ్‌కు ఇబ్బంది లేదని నేను లోకానికి చెబుతున్నాను. ‘లేదు’ అనడానికి నాకున్న ప్రమాణం ఏమిటి?

17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం నాకు మా పెదనాన్న దగ్గర పాఠమైంది. నేల మీద కుండ లేదని ఎలా తెలిసిందే అని అడిగేవారు. కనబడలేదు కదా పెదనాన్నా అనేదాన్ని. “దీపం ఆర్పేస్తే ఉన్న కుండా కనబడదు. అప్పుడూ లేదంటావా?” ఉండి ఉంటే కనబడి ఉండేది అని చెప్పగలిగిన చోట మాత్రమే, కనబడకపోవడం లేకపోవడానికి సాక్ష్యమవుతుంది. దీన్నే యోగ్యానుపలబ్ధి అంటారు. నా పనికి ఇంతకన్నా పనికొచ్చే మాట నేను కంప్యూటర్ పుస్తకాల్లో చదవలేదు.

ప్యాకేజీ కట్టేటప్పుడు స్పెక్ ఫైల్లోని చెక్ విభాగంలో జెమ్ తాలూకు పరీక్షలు నడుస్తాయి. అన్నీ పాసైతే హద్దు తీసెయ్యడం మామూలు. కానీ ర్యాక్ 3 వెబ్ జవాబులోని హెడర్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే ఉండాలంటుంది. పరీక్షలు స్టేటస్ నంబరునీ పేజీలోని రాతనీ మాత్రమే చూస్తే, పెద్ద అక్షరాల హెడర్ వాటి కంట పడదు. అది దీపం లేని గది. అందుకే పరీక్షల్లో, ర్యాక్ నియమాలు తప్పితే పట్టుకునే ర్యాక్ లింట్‌ను మధ్యలో పెట్టి, కావాలనే ఒక తప్పు హెడర్ పంపిస్తాను. ఆ తప్పుకు పరీక్ష ఫెయిలైతేనే, తర్వాత అది పాసవడానికి విలువ.

ఇది చాదస్తం అనేవాళ్లకు డెబియన్ అనే మరో లినక్స్ సంగతి చెబుతాను. 2006లో, మెమరీ తప్పులు వెతికే వాల్‌గ్రైండ్ ఇచ్చే హెచ్చరికలు ఆపడానికి, రహస్య కీలు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో రెండు వరుసలు తీసేశారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లను ముందుగా అడిగారు కూడా. కీలు ఎవరూ ఊహించలేని సంఖ్యల్లోంచి పుట్టాలి. ఆ సంఖ్యలను కలిపే చోటే తెగింది. ఇక మిగిలిన తేడా ప్రాసెస్ నంబరొక్కటే, అది మామూలుగా 32,768కి మించదు. అయినా కీలు తయారయ్యాయి, లాగిన్లు అయ్యాయి. సంగతి 2008 మేలో బయటపడింది. ఈలోగా వాడినవాళ్లెవరూ అజాగ్రత్తపరులు కారు. వాళ్లు చూస్తున్న చోట ఆ లోపం కనబడేది కాదు, అంతే.

రచయిత మాటనూ ఇలాగే తూచాలి. తర్కసంగ్రహం ప్రకారం ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు, అతని మాటే ప్రమాణం. నేను ఆ హద్దు రాసిన కమిట్ తేదీ చూస్తాను. ర్యాక్ 3 పుట్టకముందే రాసిన హద్దు అయితే అది జాగ్రత్త కోసం గీసిన గీత. రాబోయే వెర్షన్‌ను అతను చూడలేదు. ర్యాక్ 3 వచ్చాక రాసిన హద్దు అయితే అతనికి ఏదో విరిగి ఉండాలి. దాని మీద చెయ్యి వెయ్యడానికి నా పరీక్షలు చాలవు. ముందు అతన్నే అడుగుతాను.

హద్దు తీసే పనిని, ఫైల్లో రాతను వెతికి మార్చే సెడ్‌తో కూడా చెయ్యొచ్చు, చాలామంది చేస్తారు. నాకది ఇష్టం లేదు. వెతికిన రాత దొరక్కపోయినా సెడ్ నోరెత్తదు. రేపు రచయిత హద్దును మార్చినా నా పాత వరుస అక్కడే పడి ఉంటుంది. మాక్రోకు మాత్రం ఏ లైబ్రరీ, ఏ హద్దు అన్నది పేరుతో చెప్పాలి. అది అక్కడ లేకపోతే బిల్డ్ ఆగిపోతుంది. దేని లేమి అన్నది చెప్పకుండా లేమిని తెలుసుకోలేమని తర్కశాస్త్రం చదివిన నైయాయికులు అంటారు. ఆ పట్టుదల ఈ మాక్రోలో ఉంది, అందుకే దీని మీద నాకు గౌరవం.

ఇక, ఇంటర్నెట్ ఉంటే తప్ప నడవని పరీక్షలున్న జెమ్‌లు కొన్ని. మా బిల్డ్ యంత్రాల్లో నెట్ ఉండదు, ఆ పరీక్షలు ఆపెయ్యాల్సిందే. వాటిని నా సొంత కంప్యూటర్లోనైనా నడిపి చూడగలిగితే సరి. అదీ కుదరకపోతే నేను హద్దు తియ్యను. పాత వెర్షన్‌ను వేరే పేరుతో పక్కన ఉంచి, దాని భద్రతా సవరణల భారం నేనే మోస్తాను.