వాడిన పూలు ఎవరు ఎత్తాలి?

వాడిపోయిన పూలు ఎత్తి పారవేయడం ఒకనాడు హీనమని ముద్రపడిన వృత్తి. థేరగాథలోని సునీత థేరుడు ఆ పని చేసి బతికినవాడే. బుద్ధుడు ఆయనకు ప్రవ్రజ్య ఇచ్చాడు. ఆ వృత్తి మాత్రం లోకంలో మిగిలిపోయింది.

పల్సానా చుట్టుపక్కల మిల్లు పనులతో కుదురుకున్న మన తెలుగు కుటుంబాలు పెరట్లో మునగ, జామ, బంతి పెంచుకుంటున్నాయి. సంతోషమే. కానీ ఆ చెత్త గోడ దాటితే ఎత్తేదెవరు? చాలాచోట్ల నేటికీ దళితులే. గోడ మీదుగా చెత్త విసరరాదని భిక్షుణీ పాతిమోక్ఖంలో ప్రత్యేకంగా ఒక నియమముంది. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలూ తోట చెత్తను ఇంటి ఆవరణలోనే విడిగా ఉంచమన్నాయి. వీధిలో పారవేయడాన్ని, తగలబెట్టడాన్ని నిషేధించాయి. "పన్ను కడుతున్నాం కదా" అంటారు కొందరు. పన్ను కట్టినంత మాత్రాన ఎత్తేవారి నడుం నొప్పి తగ్గదు.

ఖర్చంటారా, పాత గోనెసంచి చాలు. ఎండుటాకు మూడు పాళ్ళు, కూరగాయ తొక్కలు ఒక పాలు, గుప్పెడు మట్టి. తడి ఆరనివ్వకుండా వారానికోసారి తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో ఎరువవుతుంది. ముళ్ళకొమ్మలు అందులో వద్దు. వాటిని పొట్టిగా నరికి, పాత గుడ్డ చుట్టి కట్టకట్టి, చెత్తబండి వచ్చినప్పుడు మనమే ఎక్కించాలి.