పొరుగువాని బావి



మన బిడ్డలు బడిలో చేయు లెక్కలకు పుస్తకము చివర జవాబులుండును. వారు పెద్దవారైన నాడు ఎదురుపడు లెక్కలకు మాత్రము జవాబులు ఎక్కడను అచ్చుపడి యుండవు. వానలు అదను తప్పుచున్నవి, భూమిలోని నీరు అడుగంటుచున్నది. ఇట్టివాటికి వారినెట్లు సిద్ధపరచవలెను?

అమెరికాలోని జార్జియా రాష్ట్రములో ఇ. పాల్ టారెన్స్ అను విద్యావేత్త తన భార్య పాన్సీతో కలిసి 1974లో ఇందుకొక పద్ధతిని ఆరంభించెను. రాబోవు కాలమును వర్ణించు ఒక కథనమును పిల్లల జట్టుకు ఇత్తురు. అందులోని చిక్కులను వారు వెదకవలెను, మూలమైనదానిని ఏర్పరచుకొనవలెను, పలు ఉపాయములు ఊహింపవలెను, వాటిని తూచుటకు కొలతలు నిర్ణయింపవలెను, ఆ కొలతలతో తూచవలెను, తుదకు ఆచరణమార్గమును వ్రాయవలెను. ఇవి ఆరు మెట్లు.

వీటిలో నాలుగవ మెట్టే మిక్కిలి కష్టమైనది. ఉపాయము పన్నుటకు తెలివి చాలును. కొలత నిర్ణయించుటకు మనస్సాక్షి కావలెను.

బావి ఎండినదనుకొందము. బోరు ఇంకను లోతుగా వేయుదమని పిల్లవాడనును. త్వరగా నీరు పడుటయే కొలతయైనచో అదియే మంచి జవాబు. కాని భూమిలోని నీటికి గట్లు లేవు. మన బోరు లాగినకొలది పక్క చేనిలోని పేదవాని బావి ఇంకిపోవచ్చును. “పొరుగువానికేమగును?” అను కొలతను చేర్చి చూడుడి. అప్పుడు చెరువు పూడిక తీయుటయు, తక్కువ నీటి పైరు వేయుటయు తలపునకు వచ్చును.

యోసేపు సంగతి మనమెరిగినదే. పంటలో అయిదవ భాగము నిలువచేయుమన్న అతని ఆలోచన ఐగుప్తును కరవులో కాపాడెను. సండే స్కూలులో మనమక్కడ ఆగుదుము. ఆదికాండము 47వ అధ్యాయము వరకు చదివినచో, ప్రజలు ధాన్యము కొరకు మొదట రూకలను, పిమ్మట పశువులను, తుదకు పొలములను, తమ్మును తామే ఫరోకు ఇచ్చివేసిరని తెలియును. ప్రాణములు దక్కెను, భూమి పోయెను. ఆ వెల ఎవరు చెల్లించిరని మన బిడ్డలడిగినచో అడుగనిత్తుమా?

మనకు పరీక్ష ఇచ్చటనే యున్నది. అడుగ నేర్చిన బిడ్డ ఫరోతో ఆగడు. మన బోరును గూర్చియు అడుగును. పెద్దలకు ఎదురు చెప్పకుమని నోరు మూయించుట సులభము. కాని నోరు మూసికొన నేర్చినవాడు రేపు ఎవరి కష్టమును తీర్చగలడు?

ఈ రాత్రి భోజనమువేళ బిడ్డలను అడుగుదము: 20 ఏండ్లకు మన ఊరికి రాగల కష్టమేది? వారు చెప్పునది దిద్దుటకు తొందరపడక, తుదివరకు విందము.