దానమిచ్చే ఆవుకు పళ్ళు ఉండవద్దా?



దానంగా వచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదని మన పెద్దలు అన్నారు. అది పుచ్చుకునేవానికి చెప్పిన బుద్ధి. మరి ఇచ్చేవాని సంగతి ఏమిటి? ఎలాగూ ఉచితమే కదా అని పళ్ళూడిన ఆవును తోలి పంపవచ్చునా? పైసా పుచ్చుకోకుండా చేసే పనిలో అశ్రద్ధ చూపితే అది తప్పు అవుతుందా, కాదా? ఈ వారం ఈ ప్రశ్నను ఒక చిన్న సేవను ఆధారం చేసుకొని ఆలోచిద్దాం.

పుస్తకాన్ని పైకి చదివి, రికార్డు చేసి, వినగోరిన వారికి ఉచితంగా ఇవ్వడమే ఆ సేవ. చూపు లేనివారి కొరకు గ్రామఫోను రికార్డుల మీద పుస్తకాలు వినిపించే ఏర్పాటు బ్రిటన్‌లో 1935లోనే మొదలైంది. 2005లో కెనడాలోని మాంట్రియల్‌లో హ్యూ మెక్‌గైర్ అనే ఆయన ‘లిబ్రివాక్స్’ను ప్రారంభించారు. అందులో చదివేవారు మనవంటి మామూలు మనుషులు. ఒకే పుస్తకంలో ఒకరు ఒక అధ్యాయం, ఇంకొకరు మరో అధ్యాయం చదువుతారు. పొరపాట్లు దొర్లాయేమోనని వేరొకరు విని చూస్తారు. గొంతు బాగాలేదని ఎవరినీ కాదనరు. చదివినవారికి జీతం లేదు, విన్నవారికి రుసుము లేదు.

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దీనితో ఎవరికి పని అని మీరు అడగవచ్చు. ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయినవారిని మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలవారు ఎరుగుదురు. మెడ తిప్పలేక, చేతులు సాచలేక ఉన్న మనిషికి చూపు ఉన్నా పుస్తకం అందదు. పలుగు, పార పట్టుకొని వలస పోయి, బడి ముఖం చూడని తల్లిదండ్రులు పాలమూరులో ఎందరో ఉన్నారు. కళ్ళు మసకబారిన అవ్వలు, తాతలు ప్రతి ఇంటిలోనూ ఉన్నారు. ఒగ్గు కథను తెల్లవార్లూ కూర్చుండి విన్న ఊళ్ళు మనవి. వినడం మనవారికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. వారికి చదివి వినిపించే మనిషి కావాలి.

ఈ పనికి రమ్మంటే చాలామంది రెండు మాటలు చెప్పి తప్పుకుంటారు. “నా గొంతు బాగుండదు” అనేది మొదటిది. “మన యాస విని నవ్వుతారు” అనేది రెండవది. తెలంగాణలో కవులే లేరని ఒకనాడు కొందరు అన్నారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ మాటకు పనితో జవాబిచ్చారు. 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. అట్టి నేలమీద పుట్టినవారు తమ యాసకు సిగ్గుపడవలసిన పని లేదు. గొంతు, యాస మనకు పుట్టుకతో వచ్చినవి. వాటిని గూర్చి మనలను ఎవరూ లెక్క అడగరు. శ్రద్ధ మాత్రం మన చేతిలో ఉన్నది. నీతి మనలను లెక్క అడిగేది దానిని గూర్చే.

పరిశుద్ధ గ్రంథంలోని రెండు కానుకలను పక్కపక్కన పెట్టి చూడండి. పేద విధవరాలు రెండు చిన్న నాణేలు వేసింది. అవి కొంచెమే అయినా ఆమెకు ఉన్నదంతా అవే. మలాకీ ప్రవక్త కాలంలో కొందరు కుంటి పశువులను, గుడ్డి పశువులను బలిపీఠానికి తెచ్చారు. వాటిని మీ అధికారికి ఇవ్వగలరా అని ప్రవక్త వారిని నిలదీశాడు. విధవరాలి కానుక చిన్నది, వారి కానుక నిర్లక్ష్యపుది. ఈ రెండూ ఒకటి కావు. బొంగురు గొంతుతో జాగ్రత్తగా చదివినవాడు విధవరాలి పక్షాన ఉన్నాడు. కమ్మని గొంతు ఉండి, పాఠాన్ని ముందుగా ఒక్కసారైనా చూసుకోకుండా చదివినవాడు కుంటి గొర్రెను తెచ్చినవాడే.

ఇంత కచ్చితం ఎందుకంటారా? కళ్ళున్నవాడు అనుమానం వస్తే పేజీ తిప్పి చూసుకుంటాడు. చెవితో వినేవానికి ఆ వీలు లేదు. మనం ఒక వాక్యం దాటవేస్తే అది అతనికి లేనట్టే. ఇరవై ఎకరాలను రెండెకరాలని చదివితే అతనికి అవి రెండెకరాలే. అతను మన కన్నును తన కన్నుగా నమ్మి కూర్చున్నాడు. ఎవరికి చెందినది వారికి ఇవ్వాలనే స్థిర సంకల్పమే న్యాయమని పునీత తోమా అక్వినాసు వారు బోధించారు. మన సమయాన్ని ఇవ్వడం ప్రేమకార్యం, దానికి మనలను ఎవరూ బలవంతం చేయలేరు. కాని ఒకసారి చదవడానికి ఒప్పుకున్నాక, రచయిత మాటను మార్చకుండా శ్రోతకు చేర్చడం న్యాయానికి సంబంధించిన బాకీ. జీతం తీసుకోలేదు గనుక ఆ బాకీ మాఫీ కాదు.

పునీత బెనెడిక్టు వారు ఆరవ శతాబ్దంలో తమ మఠవాసులకు రాసిన నియమావళిలోనూ ఈ జాగ్రత్త ఉన్నది. భోజనశాలలో చేతికి దొరికిన పుస్తకం పట్టుకొని ఎవరుబడితే వారు చదవరాదు. వారమంతా చదవవలసినవాడు ఆదివారం నాడు ప్రార్థన కోరి ఆ పని మొదలుపెట్టాలి. ఆ శ్రోతలు తోటి సహోదరులే, అయినా వారి కొరకు సిద్ధపడవలసిందే.

ఇంకొక సంగతి. మనది కానిదానిని దానం చేయలేము. పక్కవాని చేనులో కోసిన కంకులు పేదలకు పంచినా అది దొంగతనమే. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత జీవితకాలంలో అచ్చయిన రచనలపై హక్కు ఆయన మరణించిన ఏడాది ముగిశాక 60 సంవత్సరాలు నిలుస్తుంది. సురవరం వారు 1953లో మరణించారు. 1949లో వచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’పై హక్కు 2013తో ముగిసింది. నేడు దానిని ఎవరైనా చదివి అందరికీ ఇవ్వవచ్చు. బ్రతికి ఉన్న రచయిత పుస్తకమైతే ముందు అనుమతి అడగాలి. వికలాంగులు చదువుకునేందుకు వీలైన ప్రతులను చేయడానికి మాత్రం 2012 నాటి సవరణ మినహాయింపు ఇచ్చింది. 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని మరుసటి ఏడు మొట్టమొదట ధ్రువీకరించిన దేశం మనదే. చూపు లేనివారినే గాక, పుస్తకం చేతపట్టలేని వారిని కూడా ఆ ఒప్పందం లెక్కలోకి తీసుకున్నది.

ఇప్పుడు ఫోనే తెలుగు చదివిపెడుతుంది, మనిషి ఎందుకు అని యువతీయువకులు అడుగుతారు. మంచి ప్రశ్నే. చూపు లేని విద్యార్థికి రేపు పరీక్ష ఉంటే యంత్రం చేసే మేలు మనం చేయలేము, దానిని వాడుకోవలసిందే. కాని యంత్రానికి ఆ సాయంత్రం వేరే పని లేదు. మనిషికి ఉన్నది. తన పని పక్కన పెట్టి ఒకరు నా కొరకు చదివారని ఎరగడం ఒంటరిగా మంచం పట్టిన మనిషికి చిన్న విషయం కాదు. చదివినవారికి కూడా, ముఖం తెలియని ఒకరి కొరకు ప్రతి మాటనూ చూసి పలికే అలవాటు అబ్బుతుంది.

కనుక, ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ సేవ చేయదలిస్తే ముందుగా ఇంట్లోనే మొదలుపెట్టండి. ఒక అధ్యాయం ఎంచుకోండి. మనసులో ఒకసారి చదవండి. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు, అంకెలు సరిచూసుకోండి. ఆపైన మీ అవ్వ పక్కన కూర్చుండి పైకి చదవండి. అర్థమైందా అని అడగండి. కాలేదంటే ఆమె చెవిని తప్పు పట్టకుండా, మళ్ళీ మొదటి నుండి చదవండి.