కంచె యెవరి కొఱకు?



చెరకు తోటలనుండి తిరిగివచ్చిన పెద్దలు దేవాలయ తరగతులలో నేర్పిన తెలుగుతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. దోషములున్న మన్నింపుడు. ఇందలి ప్రశ్న ఒక పసిపిల్ల అడిగినది. ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన నాకు దానికి వెంటనే జవాబు దొరకలేదు.

2019వ సంవత్సరమున కుమార్తెను, అల్లుని చూచుటకై కువైట్ వెళ్ళితిని. ఒక సెలవునాడు ఆరేండ్ల మనుమరాలిని వెంటబెట్టుకొని ఒమరియాలోని జంతు ప్రదర్శనశాలకు పోయితిమి. మరుసటి సంవత్సరము మహమ్మారి కాలమున దాని ద్వారములు మూతబడినవి. మేము పోయిన నాడు మాత్రము పిల్లల కేరింతలతో నిండియుండెను. ఒక కంచె వెనుక తెల్లని దేహమును, కత్తులవంటి రెండు పొడవైన కొమ్ములును గల మృగము నిలిచియుండెను. అది అరేబియా ఒరిక్స్. అరబ్బులు దానిని ‘మహా’ యందురు. మనుమరాలు దానిని చాలసేపు చూచి, "తాతయ్యా, ఇది యే తప్పు చేసినదని లోపల పెట్టిరి?" అని అడిగెను.

తప్పు దానిది కాదు. మోటారు కార్లును, తుపాకులును ఎడారికి వచ్చిన పిమ్మట వేటగాండ్రు ఆ జాతిని తరిమి తరిమి చంపిరి. 1962లో కొందరు పూనుకొని, మిగిలినవానిలో కొన్నింటిని పట్టి కాపాడదలచిరి. ఏడెన్ ప్రాంతమున పట్టినవి మూడు, లండన్ జంతుశాల యిచ్చినది ఒకటి, సౌదీ రాజు ఇచ్చినవి నాలుగు, కువైట్ షేక్ ఇచ్చినది ఒకటి: ఈ తొమ్మిదింటితో అమెరికాలోని ఫీనిక్స్ జంతుశాలలో ఒక మంద ఏర్పడెను. 1972లో ఒమన్ ఎడారిలోని కడపటి స్వేచ్ఛా మృగములును వేటగాండ్ర పాలయ్యెను. 1982లో, కంచెలలో పుట్టి పెరిగిన మృగములను ఆ ఎడారిలోనే విడిచిరి. 2011 నాటికి ఆ జాతి ప్రమాదస్థితి ఒక మెట్టు తగ్గినదని ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘము ప్రకటించెను. అడవిలో పూర్తిగా అంతరించిన జంతువు అంతగా కోలుకొనుట అదియే మొదటిసారి.

ఇదంతయు మనుమరాలికి కథగా చెప్పితిని. ప్రక్కన నిలిచి వినుచున్న ఒక యువకుడు నవ్వి, "మీరు పుస్తకం మాదిరి మాట్లాడతాండారు సారూ" అనెను. అతనిది కడప జిల్లా. ఒక ఇంట డ్రైవరు. పాస్‌పోర్టు యజమాని దగ్గరనే యున్నదనియు, ఇల్లు చూచి నాలుగేండ్లయినదనియు చెప్పెను. పిమ్మట మృగమువైపు చూచి, "దీనికి తిండికేం తక్కువ ల్యాదు సారూ. ఇంటికి పోయే దావే ల్యాదు" అనెను. ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనీయలేదు.

ఏలయన, అది మన ముత్తాతల మాట. కోరంగి రేవునుండి ఓడలెక్కి మారిషస్ చేరి, ‘కొరంగీలు’ అను పేరు పొందినవారు మనవారు. రేవులో వారికి ఒక్కొక్కరికి ఒక సంఖ్య యిచ్చిరి. ఒప్పందము తీరినవాడు సైతము ఛాయాచిత్రముగల పాసు లేనిదే తిరుగరాదని 1867 నాటి చట్టము శాసించెను. బియ్యము, పప్పు, కప్పుకొనుటకు బట్ట యిచ్చుచున్నాము కదా యని తోట యజమానులు చెప్పుకొనిరి. కంచె వేయు ప్రతివాడును ‘నీ మేలు కొఱకే’ యనును. కావున ఆ మాటను నమ్ముటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను.

మొదటిది: కంచె వలన లాభమెవరికి? లోపలి ప్రాణికా, బయట లెక్క వ్రాసికొనువానికా? రెండవది: బయటి ఆపదను తొలగించుటకు ఏమి చేయుచున్నారు? ఒమన్‌లో విడిచిన మృగములను 1996 మొదలు మరల దొంగలు పట్టి అమ్ముకొనిరి, మంద క్షీణించెను, 2007లో ఆ అభయారణ్యము యునెస్కో జాబితానుండి తొలగింపబడెను. తలుపు తెరచుట ఒక్కటియే చాలదు. మూడవది: తలుపు తెరచు దినము ఒకటి కలదా? మన దీవిలోని చిన్న డేగ 1974 నాటికి నాలుగే మిగిలియుండెను. వాని పిల్లలను మానవ హస్తములు పెంచి, పెరిగినవానిని మరల కొండలలో విడిచినవి. ఇది కాపాడుట. విడుచు తలంపు లేక ఉంచుకొనుట కేవలము దాచుకొనుట.

కంచె వేసినవాడు ఇంకొక భారమును కూడ మోయవలెను. 1990లో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు ఈ జంతుశాలలోని ప్రాణులలో అధికభాగము నశించినవి. పారిపోవుటకు వానికి దారి లేదు. ఒక ఏనుగునకు భుజమున గుండు తగిలెను. ఆ భయంకర దినములలో ఇద్దరు కువైటీ సోదరులు తమ ప్రాణములకు తెగించి మిగిలినవానికి ఆహారము మోసికొనిపోయిరి. మన చేతి తిండికి అలవాటు చేసిన ప్రాణిని ఆపదలో విడిచిపోరాదని వారు మాటలతో కాక చేతలతో చెప్పిరి.

మూడు ప్రశ్నలకును మంచి జవాబు వచ్చినను, ఒక ఋణము మిగులును. ఫీనిక్స్ చేరిన ఆ తొమ్మిది మృగములు మరల తమ ఎడారిని చూడలేదు. చూచినది వాని సంతతి. మూల్యము చెల్లించినది ఒకరు, ఫలము పొందినది మరియొకరు. మన ఉత్సవములలో ‘పెద్దల చెమట నేడు పూలై పూచినది’ యని వినుచుందుము. నేనును వేదికలపై అట్లే పలికితిని. ఇప్పుడు జంకుచున్నాను. మనము సుఖముగా నున్నాము గనుక వారి బంధనము మంచిదయ్యెనని చెప్పరాదు. మృగమును కాపాడినవారు దాని సంతతిని విడువవలెనని ముందే తలచిరి. మన ముత్తాతలను ఉంచినవారు అట్లు తలపలేదు. తలుపును మనవారే తెరచుకొనిరి. కృతజ్ఞత వేరు, సమర్థన వేరు.

ఇంటికి వచ్చు దారిలో మనుమరాలికి జవాబు చెప్పితిని. "అది యే తప్పును చేయలేదమ్మా. తప్పు చేసినది మనుష్యులు. ఆ తప్పు దిద్దుకొనువరకు దానిని మన దగ్గర ఉంచుకొన్నాము." ఆమె కొంతసేపు ఆలోచించి, "ఎప్పటివరకు?" అనెను.

సోదరులారా, ఆ ప్రశ్నను మరువకుండుటయే మన ధర్మమని నా విన్నపము. కంచెలోని మృగమును చూచినప్పుడు మాత్రమే కాదు, మన ఊళ్ళకు నేడు ఒప్పందముపై వచ్చి పనిచేయు పరదేశి కూలివానిని చూచినప్పుడు కూడ దానిని అడుగుదము. వాని పాస్‌పోర్టు ఎవరి చేతిలో నున్నదో కనుగొందము.