దావీదు నాట్యం, డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండు

1965 సెప్టెంబరు 16న శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కేథడ్రల్‌లో బన్నీ బ్రిగ్స్ ట్యాప్ డాన్స్ చేశాడు. బూట్ల అడుగున బిగించిన లోహపు బిళ్లలు టకటకలాడుతుంటే డ్యూక్ ఎలింగ్టన్ జాజ్ బ్యాండు జోరందుకుంది. మందసం అనే పవిత్ర పెట్టె ముందు దావీదు రాజు ఒళ్లు మరిచి నాట్యమాడిన బైబిల్ ఘట్టం అది. బాణీ మాత్రం కొత్తది కాదు. 1943లో కార్నెగీ హాల్లో ఎలింగ్టన్ వినిపించిన ‘కమ్ సండే’నే. 1958లో మహాలియా జాక్సన్ దాన్ని నింపాదిగా పాడితే అచ్చమైన ప్రార్థనలా వినిపించింది. ఇక్కడ ఎలింగ్టన్ దాన్నే పరుగులు పెట్టించాడు.

నెమ్మదిగా పాడితే ప్రార్థన అయినది, జోరుగా ఆడితే కాకుండా పోతుందా? పోయేటట్టయితే ఏ వేగం దగ్గర?

ఎలింగ్టన్ 1899లో వాషింగ్టన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు అమ్మ వెంట ఒక చర్చికి, నాన్న వెంట మరో చర్చికి వెళ్లేవాడు. పేరొచ్చింది మాత్రం 1927 చివర చేరిన హార్లెమ్ కాటన్ క్లబ్బులో. అక్కడ ఆడిపాడేది నల్లవాళ్లు, బల్లల ముందు కూర్చుని చూసేది తెల్లవాళ్లు. అందుకే 1966లో ఆయన గ్రేస్ కేథడ్రల్‌లో వినిపించిన తన మొదటి పవిత్ర కచేరీని సొంత ఊరికి తెచ్చినప్పుడు అక్కడి బాప్టిస్టు పాస్టర్ల సంఘం మద్దతివ్వడానికి నిరాకరించింది. నైట్‌క్లబ్బుల మనిషి, లోకసంబంధమైన సంగీతం అన్నది వాళ్ల అభ్యంతరం. దాన్ని చాదస్తమని కొట్టిపారేస్తే అన్యాయమే. బానిసత్వంలోంచి బయటపడిన జనం తమదని చెప్పుకోగలిగిన తొలి చోట్లలో చర్చి ఒకటి. దాని గడపను కాచుకోవాలన్న తపన ఊరికే పుట్టింది కాదు.

అయితే దావీదు నాట్యమాడిన అధ్యాయంలోనే ఈ అభ్యంతరమూ ఉంది. ఆయన భార్య మీకాలు కిటికీలోంచి చూసి ఏవగించుకుంది, రాజు పరువు తీశావని నిలదీసింది. తాను ఆడింది దేవుని సన్నిధిలోనని చెప్పి, ఇంకా తగ్గడానికైనా సిద్ధమన్నాడు దావీదు.

ఎలింగ్టన్ జవాబూ ఆ దారిలోనిదే. ఒక గారడీవాడు వస్తువులు ఎగరేసి పట్టుకుంటూ దేవుణ్ణి కొలిచిన పాత కథను ఆయన గుర్తుచేసేవాడు. వాడికి బాగా వచ్చిన విద్య అదొక్కటే, సమర్పించిందీ అదే. తన జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఈ పవిత్ర కచేరీలేనని కూడా ఎలింగ్టన్ అన్నాడు. మూడోది 1973 అక్టోబరులో లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో జరిగింది. మరో ఏడు నెలలకు ఆయన చనిపోయాడు.

కానీ అసలు జవాబు 1968 నాటి రెండో కచేరీలో వినిపిస్తుంది. బ్యాండులోని కూటీ విలియమ్స్ ట్రంపెట్ నోటికి, సింకు మూసుకుపోతే వాడే రబ్బరు డొప్పను అడ్డుపెట్టి, తెరుస్తూ మూస్తూ దాన్ని గుర్రుమనిపించాడు. కాటన్ క్లబ్బు రోజుల గుర్రు అది, దాన్ని కడిగి శుభ్రం చేసి తేలేదు. ‘ద షెపర్డ్’ అనే ఆ భాగం లూథరన్ పాస్టర్ జాన్ గెన్సెల్‌కు అంకితం. రాత్రిపూట న్యూయార్క్ క్లబ్బులకు తానే వెళ్లి, వాద్యకారుల కష్టసుఖాలు విన్న మనిషి ఆయన. ఆయన మీద కట్టిన పాటలోంచి క్లబ్బు చప్పుడును తీసేస్తే, ఆయన వెతుక్కుంటూ వెళ్లిన మనుషుల్నే చర్చి బయట నిలబెట్టినట్టయ్యేది.