కంచె తీసే తేదీ

కాలీపూర్ తీరంలో మాది తాబేటి గుడ్ల కాపలా. ఉత్తర అండమాన్‌లోని ఆ ఇసుక మీదికి నాలుగు జాతుల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రుళ్లు మెలకువగా ఉండేవాళ్లు సెలవు రోజున నిద్రపోవాలి నిజానికి. నేను ఏరియల్ బే జెట్టీకి పోయి రాస్, స్మిత్ దీవులకు పడవెక్కాను. నడిపేది శ్రీకాకుళం జాలరి. తండ్రి కాలంలోనే వచ్చి స్థిరపడ్డ కుటుంబమట. తెలుగు వినబడగానే ‘బాబాయ్’ అనేశాను.

ఆ రెండు దీవుల నడుమ ఇసుక మేట ఒకటుంది. పోటుకు మునుగుతుంది, ఆటుకు తేలుతుంది. తేలినప్పుడు నడిచి అవతలి దీవికి పోవచ్చు. మేం దిగేసరికి తేలే ఉంది.

“సెలవన్నావు, మరి ఆ పుస్తకమేటమ్మా?”

“అలవాటు బాబాయ్, చూసినవన్నీ రాసుకుంటాను. ఆమధ్య శాడిల్ పీక్ దారిలో చుక్కల దుప్పులు కనిపించాయి. బ్రిటిష్ వాళ్లు తెచ్చి వదిలినవి. మొలకలు మేసేస్తున్నాయి. వాటిని చూసి ముచ్చటపడాలో కోప్పడాలో తెలియలేదు.”

“నేనూ ఇక్కడోణ్ని కాదు. నన్ను చూస్తే ఏటనిపిస్తాది?”

“మనుషుల సంగతి వేరు.”

“ఏటి వేరు? ఇంటర్‌వ్యూ దీవిలో ఏనుగులున్నాయి. దుంగలు లాగడానికి తెచ్చారు. 1960లలో కంపెనీ దివాలా తీస్తే అక్కడే వదిలేశారు. అవి వస్తామన్నాయా? తెచ్చినోణ్ని అడగాలి.”

“అడుగుదాం. ఈలోపు మొలక పోతుంది కదా! ఏ పాపమూ ఎరగనిది కూడా నష్టం చేస్తుంది.”

ఆయన కాసేపు ఇసుక కేసి చూశాడు. “సరే, ఈ నేల మాత్రం ఇక్కడిదేనా? 2004లో భూమి కదిలితే ఇటేపు పైకి లేచింది. నీళ్లలో ఉండాల్సిన పగడం గాలికి తేలి, ఎండిపోయి చచ్చింది.”

అదే రోజు గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. నేలకే నిలకడ లేని చోట ‘ఇక్కడిది’ అన్నది ఏ తేదీ నుంచి లెక్కించాలి? వాదం బాగుంది. అయినా నేను ఒప్పుకోలేదు.

“తేదీ వదిలెయ్ బాబాయ్. ఇదే దుప్పి నల్లమలలో కూడా ఉంది. అక్కడ పులి ఉంది, చిరుత ఉంది, రేచుకుక్క ఉంది. ఇక్కడ దాన్ని ఆపేదేదీ లేదు. ఎక్కడ పుట్టిందన్నది నాకు అక్కర్లేదు, అడ్డు లేకపోవడమే నా బాధ.”

“చిరుతల్ని కూడా తెచ్చారంట, దుప్పుల కోసం. నిలవలేదు.” నవ్వాడు. “మీ తీరంలో గుడ్లు తవ్వేదేటి?”

“కుక్కలు.”

“వాటికేటి అడ్డు?”

“కంచె. గుడ్లు తీసి కంచెలోపల పాతిపెడతాం. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలొస్తాయి. ఇసుక వేడెక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి.”

“ఆ ఇసుక తల్లి ఎంచుకుందా, మీరా?”

మేమే. గుంట లోతు, దాని మీద పడే నీడ, అన్నీ మా చేతుల్లోవే. దుప్పిని అడిగిన ప్రశ్న ఆ చేతుల్నీ అడగాలి మరి. అలాగని, కుక్కలు తవ్వుకుపోతుంటే ప్రకృతి అంటూ కూర్చోవడం నాకు వేదాంతం ముసుగేసుకున్న బద్ధకంలా తోస్తుంది. ఆ మాటే అన్నాను.

“మానమన్లేదమ్మా. నా వలలో తాబేలు పడితే వల కోసి వదిలేస్తాను. దాని ఎనకాల ఈదుకుంటా పోను. మీ పుస్తకంలో కంచె ఏసిన తేదీ ఉంటాది. తీసే తేదీ ఉందా?”

“కుక్కలు లేకుండా పోయిన రోజు.”

“కుక్కలు మాతోనే వచ్చాయి కదా. మేమెక్కడికీ పోం.”