ఏది తిరిగి లేస్తుంది?

మార్కాపురం, కంభం, గిద్దలూరు గోడలమీద ఉజ్జీవ సభల పోస్టర్లు చూస్తూనే ఉంటాం. షామియానా, సౌండు బాక్సులు, రాత్రి పొద్దుపోయేదాకా వాక్యం. నేను విశ్వాసిని కాను. అయినా ఆ సభల్ని మూఢత్వమని తోసెయ్యడానికి మనసొప్పదు. సభ నుంచి వచ్చి తాగుడు మానేసిన మొగుడున్న ఇల్లాలి దగ్గర మన తర్కం చెల్లదు. నన్ను వదలని ప్రశ్న వేరే ఉంది: ఉజ్జీవంలో మనిషిలో తిరిగి లేచేది ఏమిటి?

నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపే గుండ్లకమ్మలోనే, దిగువన వెల్లంపల్లి దగ్గర, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ధాత కరువు పీల్చి పిప్పిచేసిన మనుషులు. గంజి కోసం మారారని ఈనాటికీ తేలిగ్గా అనేస్తారు. కానీ ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని చెప్పాక కూడా జనం వెనక్కి పోలేదు. అది కడుపాకలి ఒక్కటే అయితే అప్పుడే ఇళ్ళకు పోయేవాళ్ళు కదా!

కడుపుది కాని ఆ ఆకలి మూలం 1866లో కనిపిస్తుంది. ఒంగోలుకు పడమట తాళ్ళకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి ఆ ఏడాదే బాప్తిస్మం పొంది, తనవాళ్ళ మధ్య బోధ మొదలుపెట్టాడు. చేరినవాళ్ళకు కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. పైకి మతనియమాలే. ఊరికి మాత్రం అవి తిరుగుబాటులా వినిపించాయి. పిలిచినప్పుడు వెట్టికి పోవాల్సినవాడు ఆదివారం రానన్నాడు. జాతరలో డప్పు కొట్టాల్సినవాడు కొట్టనన్నాడు. దానికి దెబ్బలు తిన్నారు, నీళ్ళకు పోయే దారులూ మూసుకుపోయాయి. అయినా మాట తప్పలేదు. దేవుడున్నాడో లేడో నేను తేల్చలేను. కానీ "కాదు" అనగలిగిన ఆ గొంతు నాకు పవిత్రంగానే తోస్తుంది.

1906లో తెలుగు బాప్టిస్టు సంఘాల్లో మరో ఉజ్జీవం వచ్చింది. జనం ఏడుస్తూ నలుగురిలో పాపాలు ఒప్పుకున్నారు. ఇవాళ్టి సభలు ఎక్కువగా ఈ దారినే నడుస్తున్నాయి. పాపాన్ని ఒంటరి గుండెలోనే వెతుకుతున్నాయి. మాలలకో చర్చి, మాదిగలకో చర్చి ఉన్న ఊళ్ళో ఆ ఎడం ఎవరి పాపం కింద లెక్క? రక్షణ పొందడానికి వేదిక ముందు కార్చే కన్నీళ్ళలో దానికి చోటుందా?

ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాలవాడు కాడు. అంటరానితనం మాత్రం బాప్తిస్మంతో పోలేదు. అందుకే చదువు కోసం, ఉద్యోగం కోసం సర్టిఫికెట్లో హిందువుగా ఉంటూ, ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు ఎందరో. వాళ్ళను బొంకుతున్నారని నిందించడం సులువు. ఆ బొంకులోకి నెట్టినవాళ్ళను అడగడం కష్టం. వచ్చే సభల్లో కనీసం ఒక్క రాత్రి ఈ సంగతి మాట్లాడమని నిర్వాహకుల్ని అడుగుతున్నాను.